సంతకానికి ముందూ వెనుకా

(బరంపురంలో ఒక గ్రంథాలయం నెలవారీ సభలో విశ్రాంత న్యాయశాస్త్ర అధ్యాపకుడు ఒకరు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనుక కూర్చున్న అమ్మలకు వినిపిస్తోందా? సరే. ఈ పంకా చప్పుడు ఎక్కువే, కానీ ఆపితే నేను మాట్లాడలేను, మీరు కూర్చోలేరు. చప్పుడుతోనే సర్దుకుందాం.

రాష్ట్రపతి ఎన్నిక, అధికారాలు, ప్రభుత్వం మీద నిఘా. ఈ మూడూ గంటలో చెప్పమన్నారు. కళాశాలలో ఇదే పాఠం ఆరు వారాలు చెప్పేవాణ్ణి. ఆరు వారాలూ వెనుక బెంచీ నిద్రపోయేది. ఆ బెంచీ వాళ్లు ఇద్దరు ఇప్పుడు ఈ సభలో ఉన్నారు. ఇద్దరూ వకీళ్లయ్యారు. కాబట్టి పాఠానికీ నిద్రకూ అంత విరోధం లేదని అనుకుంటున్నాను.

మీలో చాలామంది గిరి రోడ్డు మీదుగానే వచ్చి ఉంటారు. ఆ గిరి ఎవరు? అదిగో, ఆ బాబు చెబుతున్నాడు. వి.వి. గిరి. వరాహగిరి వెంకటగిరి. 1894 ఆగస్టు 10న ఈ ఊళ్లోనే పుట్టారు. తండ్రి జోగయ్య పంతులు గారు ఇక్కడ పేరున్న వకీలు. అప్పుడు ఇది మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా. ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడింది 1936 ఏప్రిల్ 1న. అప్పటికి గిరి గారికి నలభై ఒక్క ఏళ్లు. ఊరు కదలలేదు, రాష్ట్రం మారింది. మన తాతల్లో చాలామంది కథ ఇదే కదా?

రాష్ట్రపతి పదవి గురించి తెలుసుకోవాలంటే పుస్తకం తెరవక్కర్లేదు, గిరి గారి 1969 చూస్తే చాలు. ఆ ఒక్క ఏడాదిలో అన్ని అధికరణాలూ వరసగా వచ్చి నిలబడ్డాయి.

మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. అప్పుడు ఉపరాష్ట్రపతి ఆ బాధ్యత తీసుకోవాలి, 65వ అధికరణం. ఆరు నెలల్లోపు కొత్త రాష్ట్రపతిని ఎన్నుకోవాలి, 62వ అధికరణం. ఉపరాష్ట్రపతి గిరి గారు. ఆయన తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జులై 19, శనివారం, 14 బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్సు ఆయన ముందుకు వచ్చింది. ఆర్డినెన్సు అంటే పార్లమెంటు సమావేశాలు లేనప్పుడు రాష్ట్రపతి జారీ చేసే తాత్కాలిక చట్టం. సంతకం పెట్టారు. పార్లమెంటు సమావేశాలు ఎప్పుడు మొదలవుతాయి? సోమవారం. రెండు రోజులు ఆగకూడదా? ఆ ప్రశ్న అప్పుడూ అడిగారు. ఆ ఆర్డినెన్సు సంగతి తర్వాత చూద్దాం, మరచిపోకండి.

మర్నాడు, ఆదివారం, గిరి గారు రాజీనామా చేశారు. రాష్ట్రపతి పదవికి స్వతంత్ర అభ్యర్థిగా పోటీ చేయడానికి. ఇక్కడ ఒక తమాషా ఉంది. ఉపరాష్ట్రపతి తన రాజీనామా ఎవరికి ఇవ్వాలి? రాష్ట్రపతికి. ఆ రోజు రాష్ట్రపతి కుర్చీలో ఎవరున్నారు? ఆయనే! పరీక్షలో ఈ ప్రశ్న ఇస్తే నా విద్యార్థులు నన్ను తిట్టుకునేవారు.

ఇప్పుడు రెండు కుర్చీలూ ఖాళీ. ఇలాంటి అవస్థ వస్తే ఏర్పాటు చేసుకోమని 70వ అధికరణం పార్లమెంటుకు వదిలింది. పార్లమెంటు ఆ మే నెలలోనే చట్టం చేసి పెట్టుకుంది: ఉపరాష్ట్రపతి కూడా లేకపోతే భారత ప్రధాన న్యాయమూర్తి. అలా హిదయతుల్లా గారు ఆగస్టు 24 వరకు రాష్ట్రపతి బాధ్యతల్లో ఉన్నారు. ఆ ఆదివారం అర్ధరాత్రి దాటాక, మన గడియారం ప్రకారం, మనిషి చంద్రుడి మీద దిగాడు. మా నాన్నగారు మాత్రం చంద్రుణ్ణి పట్టించుకోలేదు. "గిరి గారు దిగారు, అది చూడండి" అన్నారు.

ఎదురుగా ఎవరు? నీలం సంజీవరెడ్డి. ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి, అప్పటిదాకా లోక్‌సభ స్పీకరు, కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి. ఒకరిది అనంతపురం, ఒకరిది బరంపురం. మొత్తం పదిహేనుమంది బరిలో ఉన్నారు, మూడో ముఖ్యుడు సి.డి. దేశ్‌ముఖ్. ప్రధాని ఇందిరాగాంధీ తన పార్టీ సభ్యులకు అంతరాత్మ చెప్పినట్టు ఓటు వేయమన్నారు. అలా అనవచ్చా? అనవచ్చు. ఈ ఎన్నికలో విప్, అంటే ఫలానా వారికే ఓటు వేయాలన్న పార్టీ ఆదేశం, ఉండదు. రహస్య ఓటు. నేటికీ అంతే. పార్టీకి వ్యతిరేకంగా ఓటు వేశాడని ఫిరాయింపుల చట్టం కింద సభ్యత్వం తీసేయడానికి లేదు.

అప్పుడు నాకు పన్నెండేళ్లు. మాకు పట్టుచీరల కొట్టు ఉండేది. కొట్లో ఒక వాల్వు రేడియో. లెక్కింపు రోజున కొట్టు ముందు జనం. నేత పనివాళ్లు మగ్గాలు ఆపేసి వచ్చారు. గిరి గారికి మొదటి ప్రాధాన్య ఓట్ల విలువ 4,01,515. సంజీవరెడ్డి గారికి 3,13,548. దేశ్‌ముఖ్ గారికి 1,12,769. మా వీధిలో మిఠాయి పంచడం మొదలైంది. ఎనభై ఎనిమిది వేల తేడా, ఇంకేం కావాలి? కానీ గెలిచినట్టు చెప్పడం లేదు. ఒక ముసలి నేతగాడు, మా నాన్నగారికి వరసకు మామయ్య, ఒకటే గొడవ: "ఎక్కువ వచ్చాయి కదా, ఇంకా ఏమి లెక్కిస్తున్నారు? లడ్డూలు చెడిపోతాయి." ఎవరి దగ్గరా జవాబు లేదు. నాకు ఈ శాస్త్రం మీద ఆసక్తి పుట్టింది ఆ లడ్డూల దగ్గరే.

జవాబు ఏమిటంటే, ఎక్కువ రావడం చాలదు, సగం దాటాలి. చెల్లిన ఓట్ల మొత్తం విలువ 8,36,337. అందులో సగానికి పైన ఒకటి, అంటే 4,18,169. గిరి గారు దాన్ని అందుకోలేదు. ఓటరు బ్యాలెట్ మీద పేర్ల ఎదురుగా 1, 2, 3 అని తన ఇష్టం వరసలో రాస్తాడు. ఎవరూ సగం దాటకపోతే అందరికంటే తక్కువ వచ్చినవాణ్ణి తీసేసి, ఆ కాగితాల మీద రెండో ఇష్టం ఎవరో చూసి వారికి కలుపుతారు. అలా ఒక్కొక్కరినీ తీసేస్తూ పోయారు. చివరికి గిరి గారు 4,20,077. రెడ్డి గారు 4,05,427. అవసరమైన దానికంటే ఎంత ఎక్కువ? వేసి చూడండి. 1,908. అంతే! రెండో ఇష్టం దాకా వెళ్లిన రాష్ట్రపతి ఎన్నిక ఇప్పటివరకు అదొక్కటే.

ఈ లక్షలు ఎక్కడివి? ఓటు వేసేవాళ్లు కొన్ని వేలమందే కదా? ఆ సుద్దముక్క ఇలా ఇవ్వండి. ఇది చేసి చూడకపోతే అర్థం కాదు.

ఓటు వేసేది పార్లమెంటు ఉభయ సభల్లోని ఎన్నికైన సభ్యులు, రాష్ట్రాల శాసనసభల్లోని ఎన్నికైన సభ్యులు. ఢిల్లీ, పుదుచ్చేరి శాసనసభలను తర్వాత కలిపారు. నామినేటెడ్ సభ్యులకు ఓటు లేదు. శాసనమండలి సభ్యులకు లేదు. ఎమ్మెల్యే ఓటు విలువ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. మనది చూద్దాం. 1971 జనాభా లెక్కల్లో ఒడిశా జనాభా 2,19,44,615. దీన్ని 147 సీట్లతో భాగించండి. ఎంత? లక్షా నలభై తొమ్మిది వేల రెండు వందల ఎనభై మూడు. మళ్లీ వెయ్యితో భాగిస్తే 149, మిగిలింది 283. మిగిలింది అయిదు వందల లోపు ఉంటే వదిలేయాలి. కాబట్టి 149. మన బరంపురం ఎమ్మెల్యే గారి ఒక్క ఓటు 149 ఓట్లు.

ఇప్పుడు బస్సెక్కి ఇచ్ఛాపురం వెళ్దాం. ఆంధ్రప్రదేశ్‌కు విభజన తర్వాత లెక్క కట్టిన 1971 జనాభా 2,78,00,586, సీట్లు 175. భాగిస్తే 1,58,860. వెయ్యితో భాగిస్తే 158, మిగిలింది 860. అయిదు వందలు దాటింది, ఒకటి కలపాలి. 159. అంటే సరిహద్దు గేటు దాటగానే ఎమ్మెల్యే ఓటు పది పెరిగింది! మన కాపురాలు రెండు పక్కలా ఉన్నాయి కదా, వియ్యంకులతో వాదనకు పనికొస్తుంది. ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యేది 208, సిక్కింది 7. మహారాష్ట్రది 175.

1971 లెక్కలే ఎందుకు, ఇన్నేళ్ల తర్వాత కూడా? మంచి ప్రశ్న, ఎవరో అడిగారు. జనాభా అదుపు చేసిన రాష్ట్రాలకు ఓటు విలువ తగ్గకూడదు కదా. పిల్లల్ని తక్కువ కన్నందుకు శిక్ష వేస్తే ఎలా? అందుకని 1976లో 42వ సవరణతో ఆపారు, 2001లో 84వ సవరణతో పొడిగించారు. 2026 తర్వాత జరిగే మొదటి జనగణన లెక్కలు అచ్చయ్యేదాకా అవే.

ఎమ్మెల్యేల ఓట్ల విలువంతా కలిపి, ఎన్నికైన ఎంపీల సంఖ్యతో భాగిస్తే ఎంపీ ఓటు విలువ వస్తుంది. 2022లో 776 మంది ఎంపీలకు తలా 700. మొత్తం 5,43,200. ఎమ్మెల్యేల మొత్తం 5,43,231. తక్కెడలో రెండు పళ్లాలూ సమంగా నిలిచాయా లేదా? కేంద్రం ఒక పళ్లెం, రాష్ట్రాలు ఒక పళ్లెం. ఆ ఏడాది మన రాష్ట్రంలోని మయూర్‌భంజ్ నుంచి వెళ్లిన ద్రౌపది ముర్ము గారికి 6,76,803 వచ్చాయి. యశ్వంత్ సిన్హా గారికి 3,80,177. రెండో లెక్క అవసరమే రాలేదు, లడ్డూలు సమయానికే పంచుకున్నారు.

పోటీకి ఎవరు అర్హులు? భారత పౌరుడు, 35 ఏళ్లు నిండాలి, లోక్‌సభకు పోటీ చేసే అర్హత ఉండాలి, లాభదాయక పదవిలో ఉండకూడదు. ఇంతేనా అంటే ఇంతే. కానీ సరదాగా నామినేషన్ వేసేవాళ్లు ఎక్కువయ్యారని చట్టం బిగించారు. ఇప్పుడు యాభైమంది ఓటర్లు ప్రతిపాదించాలి, మరో యాభైమంది బలపరచాలి, పదిహేను వేలు డిపాజిట్. 1977లో 37 నామినేషన్లు వస్తే 36 తోసేశారు. మిగిలిన ఒక్కరు ఎవరు? సంజీవరెడ్డి గారే. 1969లో మన గిరి గారి చేతిలో ఓడిపోయిన మనిషి, ఎనిమిదేళ్లకు పోటీ లేకుండా వెళ్లి కూర్చున్నారు.

ఎన్నిక మీద తగాదా వస్తే నేరుగా సుప్రీంకోర్టుకే, 71వ అధికరణం. గిరి గారి ఎన్నిక మీద కూడా పిటిషన్ పడింది. సంజీవరెడ్డి గారి మీద పార్లమెంటులో ఒక కరపత్రం పంచారని, అది ఓట్లను పాడుచేసిందని. పదవిలో ఉన్న రాష్ట్రపతి కోర్టుకు వెళ్లి సాక్ష్యం చెప్పారు. ఆలోచించండి. పదవి పనుల విషయంలో రాష్ట్రపతి ఏ కోర్టుకూ జవాబు చెప్పనక్కర్లేదని 361వ అధికరణం. కానీ ఆ పదవికి ఎలా వచ్చావు అన్న ప్రశ్న వేరు. కరపత్రం పంచిన మాట నిజమేనని, అందులో గిరి గారి ప్రమేయం రుజువు కాలేదని తేల్చి కోర్టు పిటిషన్ కొట్టేసింది.

ఇప్పుడు అధికారాలు. కేంద్రం కార్యనిర్వహణ అధికారమంతా రాష్ట్రపతిదే అంటుంది 53వ అధికరణం. అక్కడే పుస్తకం మూసేస్తే మనకు చక్రవర్తి ఉన్నట్టే. 74 తెరవాలి. మంత్రిమండలి సలహా ప్రకారమే నడుచుకోవాలి. 42వ సవరణ దీన్ని నలుసంత సందు లేకుండా బిగించింది. 44వ సవరణ చిన్న కిటికీ తెరిచింది: మళ్లీ ఆలోచించండి అని ఒకసారి వెనక్కి పంపవచ్చు. అదే సలహా మళ్లీ వస్తే ఒప్పుకోవాలి. బిల్లులకూ ఇంచుమించు అంతే, 111వ అధికరణం. 2006లో అబ్దుల్ కలాం గారు లాభదాయక పదవుల బిల్లును వెనక్కి పంపారు. పార్లమెంటు అదే బిల్లు మళ్లీ పంపింది. సంతకం పెట్టారు. జైల్‌సింగ్ గారు 1986లో తపాలా బిల్లు విషయంలో వెనక్కీ పంపలేదు, సంతకమూ పెట్టలేదు, బల్ల మీద ఉంచుకున్నారు. ఎన్నాళ్లలోపు తేల్చాలో రాజ్యాంగంలో గడువు రాయలేదు మరి. రాష్ట్రాల మీద 356వ అధికరణం, అంటే రాష్ట్రపతి పాలన, ప్రయోగించమని వచ్చిన సిఫారసులను నారాయణన్ గారు రెండుసార్లు తిప్పి పంపారు, 1997లో ఉత్తరప్రదేశ్, 1998లో బీహార్.

మరి నిర్ణయం తనది కానప్పుడు ఆ సంతకం ఎందుకు? చాలామంది "రబ్బరు ముద్ర" అని తేల్చేస్తారు. నాకు ఆ మాట నచ్చదు, బద్ధకం మాట. సంతకానికి ముందు ఏమి జరిగింది, వెనుక ఏమి జరుగుతుంది, అది చూడాలి.

ముందు ఏమి జరగాలో 1975 జూన్ 25 రాత్రి చూపించింది. అత్యవసర పరిస్థితి ప్రకటన మీద ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ సంతకం పెట్టారు. అప్పటికి మంత్రివర్గం కూర్చోలేదు. మంత్రులకు మర్నాడు తెల్లవారి చెప్పారు. అందుకే 44వ సవరణలో ఒక చిన్న మాట చేర్చారు: మంత్రివర్గ నిర్ణయం రాతపూర్వకంగా అందితేనే రాష్ట్రపతి ప్రకటన జారీ చేయాలి. రాతపూర్వకంగా! కోర్టు పనిలో ఉన్నవాళ్లకు ఆ మాట బరువు తెలుసు. నోటితో చెప్పినవాణ్ణి రేపు పట్టుకోలేం, రాసి ఇచ్చినవాణ్ణి పట్టుకోవచ్చు. 78వ అధికరణం కూడా చదవండి. రాష్ట్రపతి అడిగిన సమాచారం ఇవ్వడం ప్రధాని విధి. ఎవరో ఒక మంత్రి తనంతట తాను తీసుకున్న నిర్ణయాన్ని మంత్రిమండలి ముందు పెట్టమని కూడా అడగవచ్చు.

వెనుక ఏమి జరుగుతుంది? ఇక్కడ మన బ్యాంకుల ఆర్డినెన్సు. మరచిపోలేదు కదా? పార్లమెంటు కూర్చుని దాన్ని చట్టం చేసింది. సుప్రీంకోర్టు 1970 ఫిబ్రవరి 10న ఆ చట్టం కొట్టేసింది, పదకొండుమందిలో పదిమంది ఒక మాట. పరిహారం పద్ధతి సరిగా లేదు, ఈ బ్యాంకుల పట్ల వివక్ష ఉంది అన్నారు. నాలుగు రోజులకే మరో ఆర్డినెన్సు. ఈసారి సంతకం ఎవరిది? మళ్లీ గిరి గారిదే, ఇప్పుడు పూర్తి రాష్ట్రపతిగా. ఇదే మనిషి 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పును ప్రభుత్వం మార్చిందని కేంద్ర కార్మిక మంత్రి పదవి వదిలేసిన మనిషి. జీవితం మొత్తం బ్యాంకుల చుట్టూ తిరిగింది పాపం.

రాష్ట్రపతినే తొలగించాలంటే? 61వ అధికరణం. రాజ్యాంగాన్ని ఉల్లంఘించారన్న ఆరోపణ మీద మాత్రమే. సభలో నాలుగో వంతు సభ్యులు సంతకాలు పెట్టాలి, పద్నాలుగు రోజుల నోటీసు, రెండు సభల్లోనూ మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతులు. ఇంతవరకూ ఎవరి మీదా వాడలేదు. ఎన్నికలో ఓటు లేని నామినేటెడ్ సభ్యులకు ఇక్కడ ఓటు ఉంది. ఎన్నికలో ఓటు ఉన్న ఎమ్మెల్యేలకు ఇక్కడ లేదు. పెళ్లికి పిలవనివాణ్ణి తగువుకు పిలిచినట్టు.

రోజువారీ నిఘా పద్దుల దగ్గర ఉంటుంది. ప్రభుత్వ పద్దులు తనిఖీ చేసే కాగ్ తన నివేదిక ఎవరికి ఇస్తారు? రాష్ట్రపతికి. రాష్ట్రపతి దాన్ని ఉభయ సభల ముందు పెట్టిస్తారు, 151వ అధికరణం. అక్కడి నుంచి ప్రజాపద్దుల సంఘానికి. ఇరవై ఇద్దరు సభ్యులు, 1967 నుంచి అధ్యక్షుడు ప్రతిపక్షం వాడు. రాష్ట్రపతి ఆ నివేదిక చదివి ఎవరినీ శిక్షించరు. కానీ కాగితం ఆ గడప దాటాక దాచడానికి వీల్లేదు. అది సభ బల్ల మీదికి రావాల్సిందే. ఇలా గడప దాటే కాగితాలు ఇంకా ఉన్నాయి. రాయగడ నుంచి వచ్చినవారు చేతులెత్తండి. మీరు అయిదో షెడ్యూలు మనుషులు, అంటే గిరిజన ప్రాంతాల పాలన గురించి రాజ్యాంగంలో ఉన్న భాగం. రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి, నవరంగపూర్ జిల్లాలు షెడ్యూల్డు ప్రాంతాలు. ఏది షెడ్యూల్డు ప్రాంతమో ప్రకటించేది రాష్ట్రపతి. అక్కడి పాలన మీద గవర్నరు ఏటా రాష్ట్రపతికి నివేదిక పంపాలి. అయితే నియమగిరి కొండల్లో 2013లో బాక్సైట్ తవ్వకం ఆగింది ఆ నివేదికల వల్ల కాదు. సుప్రీంకోర్టు గ్రామసభలను అడగమంది, రాయగడలో ఏడు, కలహండిలో అయిదు, పన్నెండు ఊళ్లూ వద్దన్నాయి.

మన తెలుగువాళ్ల కాగితం కూడా ఒకటి ఉంది. 350బి. 1956లో ఏడో సవరణతో వచ్చింది. భాషా అల్పసంఖ్యాకుల కోసం రాష్ట్రపతి ఒక ప్రత్యేక అధికారిని నియమిస్తారు. ఆయన రక్షణలు అమలవుతున్నాయో లేదో చూసి రాష్ట్రపతికి నివేదిస్తారు. రాష్ట్రపతి దాన్ని పార్లమెంటు ముందు పెట్టించి, రాష్ట్రాలకు పంపిస్తారు. 350ఎ ప్రకారం ప్రాథమిక చదువు మాతృభాషలో ఉండాలి, అందుకోసం రాష్ట్రాలకు రాష్ట్రపతి ఆదేశాలు ఇవ్వవచ్చు. నేను అక్షరాలు దిద్దిన బడి ఉంది. పేరు చెప్పను. తెలుగు సెక్షన్ బోర్డు ఉంది, తెలుగు మాస్టారు లేరు. బోర్డుకు మాత్రం కిందటి వేసవిలో రంగు వేశారు.

అమ్మా, మీరు అడగండి. ఆ మైకు ఆమెకు ఇవ్వండి... రాష్ట్రపతికి ఉత్తరం రాస్తే పని అవుతుందా అంటున్నారు. ఉత్తరం అందుతుంది, సంబంధిత శాఖకు పంపుతారు, అక్కడి నుంచి భువనేశ్వర్. ఊరికే "తెలుగు కావాలి" అని రాస్తే అది అలా తిరుగుతూనే ఉంటుంది. భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్‌కు కూడా రాయండి. లెక్కతో రాయండి. 1949లో రాష్ట్రాల విద్యామంత్రులు ఒప్పుకున్న సూత్రం ఉంది: బడి మొత్తంలో నలభైమంది, లేదా ఒక తరగతిలో పదిమంది ఆ భాష పిల్లలు ఉంటే ఆ భాషలో చెప్పే మాస్టారిని ఇవ్వాలి. ఏ భాషలో చదువు కావాలో తల్లిదండ్రులు ముందుగా నమోదు చేసుకునే రిజిస్టరు బడిలో ఉంచాలి. మన బడుల్లో ఆ రిజిస్టరు ఎవరైనా చూశారా? లేదు. నేనూ చూడలేదు. అడిగారా? అదీ లేదు.

ఇంట్లో అయిదో తరగతి లోపు పిల్లలు ఉన్నవారు చేతులెత్తండి. మనవలైనా సరే. ఒకటి, రెండు... పదకొండు. బాగుంది. అందరిదీ ఒకే బడా? కాదా. ఎన్ని బడులు? ఆరు. పదకొండుమంది, ఆరు బడులు. టీ వచ్చింది, లేవకండి, ముందు ఆ ఆరు బడుల పేర్లు, తరగతులు ఈ కాగితం మీద రాసి ఇవ్వండి.